నాగస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా

నాగస్వరంలో నాదం పుట్టేది దాని కొనన అమర్చే చిన్న పీకలో. రెల్లుజాతి గడ్డితో చేసిన ఆ పీకను పెదవులతో, ఊపిరితో అదుపు చేయడమే విద్వాంసుని ప్రజ్ఞ.

ఆ ప్రజ్ఞకు పేరెన్నికగన్న షేక్ చినమౌలానా 1924లో, నేటి ప్రకాశం జిల్లా కరవదిలో, నాగస్వర విద్వాంసుల వంశంలో జన్మించారు. చిలకలూరిపేట ఆదం సాహెబు వద్ద విద్యనభ్యసించారు. తరువాత తంజావూరు బాణీ ఆయన మనసును దోచుకుంది. నేర్చిన విద్యతో తృప్తి చెందక, నాచ్చియార్‌కోవిల్ సోదరులు రాజం, దురైకణ్ణులను ఆశ్రయించి మళ్లీ శిష్యులయ్యారు. ఊపిరి పట్టును, గమకాలను కొత్తగా దిద్దుకున్నారు.

శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుని భక్తితో కొలిచారు. సంగీత ఆశ్రమం స్థాపించి ఎందరికో విద్యాదానం చేశారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి ఆయనను వరించాయి. 1999లో పరమపదించారు. విద్యకు మతభేదం గాని, ప్రాంతభేదం గాని లేదని ఆయన జీవితం చాటుతున్నది.