ఫ్రెడరిక్ లాంచెస్టర్: కమానులకు లెక్క కట్టిన వాడు

ఢిల్లీలో నివసించు మన వారిలో కొందరికైనను లాంచెస్టర్ అను పేరు పరిచితమై యుండవచ్చును. రాజధాని కలకత్తానుండి ఢిల్లీకి మారిన తరుణమున, 1912 లో, నూతన నగర నిర్మాణమును గూర్చి భారత ప్రభుత్వము సలహా కోరిన వాస్తుశిల్పులలో హెన్రీ వాన్ లాంచెస్టర్ ఒకడు. మదరాసు నగర నిర్మాణముపై గ్రంథము వ్రాసినవాడును, జోధ్‌పూరునందలి ఉమెయిద్ భవన ప్రాసాదమునకు రూపకల్పన చేసినవాడును ఆయనయే. ఆయన తమ్ముడగు ఫ్రెడరిక్ విలియం లాంచెస్టర్ భవనముల జోలికి పోలేదు. కదలునట్టి వస్తువులు, అందును ఊగునట్టి వస్తువులు, ఆయన మనస్సును జన్మాంతము పట్టి యుంచినవి. మోటారు కారునకు ఎట్టి స్ప్రింగు తగునో ఊహతో గాక లెక్కతో నిర్ణయించిన తొలివారిలో ఆయన అగ్రగణ్యుడు.

ఫ్రెడరిక్ 1868 వ సంవత్సరము అక్టోబరు 23 వ తేదీన లండనులోని లూయిషాము నందు జన్మించెను. తండ్రి వాస్తుశిల్పి, తల్లి గణితము, లాటిను బోధించిన విదుషి. సౌతాంప్టనులోను, పిమ్మట లండనులోని సౌత్ కెన్సింగ్టనులోను చదివెను గాని పట్టము పుచ్చుకొనలేదు. కొంతకాలము పేటెంటుల కచేరీ పనిలో చిత్తుపటములు గీసి, 1889 లో బర్మింగ్‌హాములోని ఒక గ్యాసు ఇంజనుల కర్మాగారమున ప్రవేశించెను. అచ్చటనే ఆయన చేయి పనికి అలవడినది. 1895 లో మొదటి మోటారు కారును నిర్మించి మరుసటి యేట రహదారిపై నడపెను. రెండవ కారునకు 1899 లో రిచ్‌మండు ప్రదర్శనయందు స్వర్ణపతకము లభించెను. ఆ యేడాది డిసెంబరులోనే లాంచెస్టర్ ఇంజన్ కంపెనీ ఏర్పడినది. తమ్ములు ఫ్రాంక్, జార్జి ఇరువురును ఆయనకు తోడు నిలిచిరి.

ఆనాటి మోటారు కారు గుఱ్ఱపుబండికి పుట్టిన బిడ్డ. గుఱ్ఱమును విప్పి ఇంజనును తగిలించినంతనే కారు సిద్ధమైనదని తయారీదారులు చాలమంది తలచిరి. కమానులు సైతము బండి కమానులే. గుఱ్ఱపు నడకకు సరిపోయిన ఆ పట్టీలు ఇంజను వేగమునకు తట్టుకొనలేక ప్రయాణికులను ఎగురవేసెడివి. పట్టీలను మందము చేసినచో విరుగుట తగ్గెను గాని ఎముకలు కదలుట హెచ్చెను. మఱికొందరు చట్రము కొంచెము వంగినచో మేలని భావించిరి. లాంచెస్టర్ ఈ వాదమును తలక్రిందులు చేసెను. చట్రము బండరాయివలె బిగువుగా నుండవలెను. మెత్తదనమంతయు కమానులలోనే యుండవలెనని ఆయన నిశ్చయము.

ఎంత మెత్తదనము? ఈ ప్రశ్నకు ఆయన తెచ్చిన సమాధానము మిక్కిలి చమత్కారమైనది. మనుష్యుడు బాల్యమునుండి నడచుచున్నాడు. అడుగడుగునకు తల కొంచెము లేచి దిగుచుండును. నిమిషమునకు నూరు అడుగుల దరిదాపున సాగు ఈ ఊపునకు శరీరము పూర్తిగా అలవాటుపడినది. కన్ను చెదరదు, కడుపు త్రిప్పదు. కావున కారు ఊపును నడక ఊపునకు సరిపోలునట్లు చేయదలచెను. కూర్చున్న వాని కన్నులు నడచు వాని కన్నులంత యెత్తున నుండునట్లు ఆసనములనుగూడ అమర్చెను. లెక్క సులభమైనదే. కమాను ఊపు బండి బరువుపై విడిగాను, ఉక్కు బిగువుపై విడిగాను ఆధారపడి యుండదు. బరువు పడినప్పుడు కమాను ఎంత దిగునో దానిపై ఆధారపడి యుండును. ఒక అంగుళము దిగిన కమాను నిమిషమునకు సుమారు 188 సార్లు ఊగును. నాలుగంగుళములు దిగినచో 94 సార్లే. మొదటిది జట్కా కుదుపు, రెండవది నడక.

మెత్తని కమానుతో మఱియొక చిక్కు కలదు. సాధారణమైన బండియందు ఇరుసును మోయుటయు, దానిని తప్పుకొనకుండ పట్టి యుంచుటయు రెండును కమాను పనులే. మెత్తపరచినచో పట్టు సడలును. లాంచెస్టర్ ఈ రెండు పనులను విడదీసెను. బరువు మోయుటకు నడుమను ఒక కొనయందును చట్రమునకు బిగింపబడి, రెండవ కొనతో ఇరుసును మోయు కమానులను వాడెను. ఇరుసు దారి తప్పకుండుటకు సమాంతరమైన ఉక్కు కడ్డీలను వేఱుగా అమర్చెను. ఆయన కారులు ఆనాటి రోడ్లపై అంత నెమ్మదిగా సాగుటకు ఇదియే మూలము. బొంబాయిలో జన్మించిన రచయిత కిప్లింగ్ తొలి గిరాకీదారులలో ఒకడు. క్రికెట్టు వీరుడు, నవానగరు జాంసాహెబు అగు రంజిత్‌సింహ్‌జీ ఈ కారులను పలుమార్లు కొనెను.

ఊగనారంభించిన మెత్తని కమాను ఊగుచునే యుండును. దాని నాపువాడు వేఱొకడు కావలెను. పట్టీల నడుమ రాపిడి కొంతవరకు ఆ పని చేసెను. ఫ్రాన్సు దేశస్థుడగు ట్రుఫోల్ట్ రాపిడి బిళ్లలతో ఒక సాధనము కల్పింపగా, అమెరికాలో హార్ట్‌ఫర్డ్ దానిని విక్రయించెను. నూనెను సన్నని రంధ్రముగుండ నెట్టు షాక్ అబ్సార్బరులు పిమ్మట వ్యాపించినవి. రాపిడి సాధనము చిన్న గతుకునకును పెద్ద గతుకునకును ఒకే మొండితనము చూపును. నూనె సాధనము మాత్రము కదలిక వేగమునుబట్టి ఎదిరించును. పాత కారును నేడు బాగుచేయించుకొనువారు సాధారణముగా పొరపడునది ఇచ్చటనే. ఏండ్లు గడచి క్రుంగిన కమానులపై బిగువైన షాక్ అబ్సార్బరులను తగిలించి కారు కుదుటపడినదని సంతసింతురు. అది కాలు విరిగినవానికి చేతికఱ్ఱను మార్చినట్లు. ముందుగా కారును జనముతో సహా తూచి, కమాను ఎంత దిగుచున్నదో కొలిచి, ఆ మీదట ఊపు ఒకటి రెండు మార్లలో అణగునట్టి షాక్ అబ్సార్బరును ఏరుకొనుట న్యాయమైన క్రమము. లాంచెస్టర్ లెక్క తెలిసినవారికి ఈ క్రమము వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఊపును అణచు విద్య ఆయనకు కమానులతో ముగియలేదు. తన ఇంజనులో ఎదురెదురుగా తిరుగు రెండు క్రాంకు ఇరుసులను పెట్టి అదురు పోగొట్టెను. నాలుగు సిలిండరుల ఇంజనుకు ఆయన కనిపెట్టిన జంట తులన ఇరుసులను పిమ్మట చాల దశాబ్దములకు, 1970 ల లో, జపాను తయారీదారులు తిరిగి ప్రచారమునకు తెచ్చిరి. 1902 లో డిస్కు బ్రేకుకు పేటెంటు పొందెను. 1907, 1908 లలో విమానయానమును గూర్చి రెండు సంపుటములు వెలువరించెను. గాలిలో ఎగురునది నెమ్మదిగా లేచి దిగు ఊపునకు ఫ్యూగాయిడ్ అని పేరు పెట్టినది ఆయనయే. గ్రీకు భాషలో ఆ ధాతువునకు పక్షివలె ఎగురుట గాక పారిపోవుట అర్థమని తరువాత తెలిసినది. అప్పటికి పేరు స్థిరపడి యుండెను! 1897 లో ఆయన పంపిన వ్యాసమును విద్వత్సభలు తిరస్కరింపగా, అందలి సిద్ధాంతమునే జర్మనీలో ప్రాంట్ల్ గణితరూపమున నిలిపెను. నేడు దానికి ఇరువురి పేర్లును కలవు. సేనాబలముల నిష్పత్తిపై 1916 లో ఆయన వ్రాసిన సూత్రములు యుద్ధశాస్త్రమున నిలిచినవి. 1922 లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను.

ఇన్ని లెక్కలు కట్టినవానికి ధనము లెక్క మాత్రము అంటలేదు. తగిన మూలధనము లేక 1904 లో కంపెనీ రిసీవరు చేతికి పోయెను. మరుసటి యేట క్రొత్త పేరుతో నిలిచినను డైరెక్టరులకును ఆయనకును పొసగలేదు. ఇంజను ముందు ఉండవలెను, చుక్కాని బదులు చక్రముతో త్రిప్పవలెను, ఇతరుల కారులవలె కనపడవలెనని వారి కోరిక. వారి వాదము పూర్తిగా తప్పని చెప్పలేము. గిరాకీదారుడు కంటికి అలవాటైన దానినే కొనును. పగ్గములు తమ్ముడు జార్జికి అప్పగించి, 1909 నుండి డైమ్లర్ కంపెనీకి సలహాదారుగా పనిచేసి, 1913 నాటికి తన పేరు గల కంపెనీతో సంబంధము తెంచుకొనెను. 1931 లో ఆ కంపెనీ ఇతరుల పరమైనది.

1919 లో డొరొతియా కూపర్‌ను వివాహమాడెను. వారికి సంతానము లేదు. వార్ధక్యమున కంపవాతము సోకెను. ఊపును అణచుటయే వృత్తిగా గలవానికి తన చేతి వణకు లొంగలేదు. ఐనను 1936 లో, ఇంజనీరుల సభకు, మోటారు కారు కమానులను గూర్చియు, ఒక్కొక్క చక్రమునకు విడిగా కమాను అమర్చు పద్ధతిని గూర్చియు దీర్ఘమైన పత్రము సమర్పించెను. 1945 లో జేమ్స్ వాట్ అంతర్జాతీయ పతకము ఇయ్యబడినది. ఇల్లు గడచుట మాత్రము మోటారు పరిశ్రమలోని మిత్రుల సహాయమువలననే జరిగెను. 1946 వ సంవత్సరము మార్చి 8 వ తేదీన బర్మింగ్‌హాములోని స్వగృహమున ఫ్రెడరిక్ లాంచెస్టర్ మరణించెను.