దోర్నకల్ తండ్రిగారు

పండ్లు నిండిన కొమ్మ వంగునని పెద్దలు చెప్పుదురు. కాని పదవి నిండిన తల వంగుట లోకములో అరుదు. అట్లు వంగిన తల యొకటి మన దక్షిణదేశమున నుండెను. ఆయనయే దోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. తమిళనాట పుట్టి, తెలుగు నేర్చి, తెలుగువారిచే తండ్రిగారని పిలువబడిన ఆ మహనీయుని చరిత్ర, తమిళనాట పుట్టి తెలుగు చదువుకొనుచున్న మనకు మిక్కిలి చేరువైనది. కావున దానిని మన పత్రిక చదువరులకు క్లుప్తముగా తెలుపబూనితిమి.

అజరయ్యగారు 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి ప్రాంతమునందలి వెళ్లాళన్‌విళై యను పల్లెలో జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయకంగారు గ్రామ గురువు. ఆయన మరణించునాటికి కుమారుడింకను బాలుడే. తల్లి ఆ బాలుని క్రమశిక్షణతోను ప్రార్థనతోను పెంచినది. అజరయ్యగారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి గాని పట్టా పొందలేదు. 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా చేరి, దక్షిణదేశమంతయు తిరుగుచు యువకులకు దైవభక్తిని, సేవను బోధించిరి. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహమాడిరి. దక్షిణదేశపు క్రైస్తవ స్త్రీలలో కళాశాల విద్య నభ్యసించిన తొలితరమువారిలో ఆమె యొకరు. కడవరకు భర్త సేవలో ఆమె పాలుపంచుకొనిరి.

1902లో ఆయన సింహళద్వీపమునందలి యాఫ్నాకు వెళ్లిరి. అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొంత ధనముతో బోధకులను దూరప్రాంతములకు పంపుచుండిరి. అది చూచి అజరయ్యగారి మనస్సు కలత చెందెను. తిరునెల్వేలి సంఘము ఎంతో పాతది, ఎంతో పెద్దది. అయినను పొరుగువారికొరకు అది చేసినదేమి? ఈ ప్రశ్న ఆయనను విడువలేదు. మరుసటి యేట, అనగా 1903లో, తిరునెల్వేలి భారత మిషనరీ సంఘము వెలసెను. 1905లో శ్రీరామపురమున జాతీయ మిషనరీ సంఘ స్థాపనలోను ఆయన ముఖ్యులు. భారతీయుల మనుష్యులు, భారతీయుల ధనము, భారతీయుల నిర్వహణము అనునది ఆ సంఘముల నియమము.

ఇంతవరకు ఆయన ఇతరులను పొమ్మని ప్రోత్సహించిరి. తాము మాత్రము పోవలదా? ఇతరులకు చెప్పినది తమకును వర్తించునని గ్రహించుటయే వినయమునకు మొదటి మెట్టని మేము తలంచుచున్నాము. 1909లో, దేశమంతట పేరు మ్రోగుచున్న దినములలో, ఆయన కార్యదర్శి పదవిని విడిచి, నైజాం రాజ్యమునందలి దోర్నకల్‌కు సామాన్య మిషనరీగా వెళ్లిరి. వరంగల్లునకును బెజవాడకును నడుమనున్న రైలు కూడలి యది. వయస్సు ముప్పదియైదేండ్లు. ఇంగ్లీషులో వేలమందిని కదలించిన వక్త, చిన్నపిల్లవానివలె తెలుగు అక్షరములు దిద్దవలసివచ్చెను. నూతన భాషను నేర్చుటలో నవ్వులపాలగుట ఎట్టిదో ఇంట నొక భాష, వీధిలో నొక భాష వినుచు పెరిగిన మనకు తెలియును గదా!

వినయమనగా నోరు మూసికొని యుండుట కాదు. 1910లో ఎడింబరో నగరమున జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్యగారు లేచి ఒక కఠిన సత్యమును పలికిరి. విదేశీ మిషనరీల త్యాగమును ఆయన మనసార మెచ్చుకొనిరి. అయితే వారు భారతీయులను సమానులుగా తమ సరసన కూర్చుండబెట్టుకొనుట లేదనియు, ధనముకంటెను ప్రాణత్యాగముకంటెను మాకు కావలసినది స్నేహమనియు వేడుకొనిరి. సభలో కొందరికి అది మిక్కిలి కోపము పుట్టించెను. దేవునియెదుట మోకరించువాడు మనుష్యులయెదుట వణకడు.

1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తా నగరములోని సెయింట్ పాల్ దేవాలయమున ఆయన బిషప్‌గా అభిషేకింపబడిరి. ఆంగ్లికన్ సంఘమునందు బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయనయే. ఈ నియామకము అందరికిని సమ్మతము కాలేదు. భారతీయుని అధికారము క్రింద ఆంగ్లేయులు పనిచేయుదురా యని కొందరు శంకించిరి. స్వదేశీయులలోనే కులమునుబట్టి చిన్నచూపు చూచినవారును ఉండిరి. అజరయ్యగారు వారికి వాదములతో బదులు చెప్పలేదు. ఎద్దుబండి యెక్కి పల్లెలకు పోయిరి.

ఆ పల్లెలలో ఆయన ఎవరి నడుమ కూర్చుండిరి? అంటరానివారని ఊరి వెలుపలికి నెట్టబడిన మాల, మాదిగ కుటుంబముల నడుమ. బాప్తిస్మము పొందినవారు తమ చేతిని తమ తలపై నుంచుకొని, దేవుని వార్తను చాటు బాధ్యత తమదియేనని ఒప్పుకొనవలెనని ఆయన కోరెడివారు. ఆ బాధ్యత బిషప్‌ది మాత్రమే కాదు, చదువురాని కూలివానిదియు. సంఘ పోషణము విషయమునను అంతియే. ఇల్లాలు వంటకు బియ్యము తీయునప్పుడు ఒక పిడికెడు దేవుని పేర విడిగా నుంచు అలవాటు ఆ పల్లెలలో వేళ్లూనెను. ఇచ్చు చేయి ఎంత పేదదైనను తలయెత్తి నిలుచునని ఆయన యెరుగుదురు.

కాలక్రమమున ఆ డయోసీసు విస్తరించి, అందలి క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటెను. పట్టా లేని ఆయనకు 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు పట్టము నొసగెను. ఇట్టి కాలమే నాయకునికి నిజమైన పరీక్ష. అయినను ఆయన దినచర్య మారలేదు. తెల్లవారకమునుపే లేచి ప్రార్థించుట మానలేదు. మనుష్యులు తన్ను పెద్దవానిగా చూచుటకు మునుపే, దేవునిముందు తాను చిన్నవాడనని ప్రతి ఉదయమును జ్ఞాపకము చేసికొనుటయే అది.

ఆయనయందు లోపములు లేవని మేము చెప్పము. క్రమశిక్షణలో ఆయన కొందరికి మితిమీరిన కఠినుడుగా తోచిరి. మతమార్పిడి విషయమున గాంధీమహాత్మునికిని ఆయనకును అభిప్రాయభేద ముండెను. కాని క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు కోరుట మాత్రము తగదని ఆయన నిలిచి చెప్పిరి. తమవారికి లాభమని తోచినదానిని వలదనుట ఏ నాయకునికిని సులభము కాదు.

1939 జనవరి 6వ తేదీన దోర్నకల్ మహాదేవాలయము ప్రతిష్ఠింపబడెను. హిందూ ఆలయపు స్తంభములును, ముసల్మాను కట్టడముల గుమ్మటములును అందు కలసియున్నవి. కట్టడములోవలెనే సంఘములోను ఐక్యత ఆయన కోరినది. 1919లో తరంగంబాడి సమావేశము మొదలుకొని సంఘముల ఏకీకరణమునకు ఆయన పాటుపడిరి. అయితే ఆ ఫలమును ఆయన చూడలేదు. 1945 జనవరి 1వ తేదీన దోర్నకల్‌లో కన్నుమూసిరి. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో ఏర్పడెను. విత్తినవాడే కోయవలెనను ఆశ లేక పనిచేయుటకంటె దైవాశ్రయమునకు వేరొక నిదర్శనము కావలయునా?

సోదర విద్యార్థులారా! మనలో కొందరు రేపు తరగతి నాయకులు కావచ్చును, ఉపాధ్యాయులు కావచ్చును, అధికారులు కావచ్చును. పదవి వచ్చిన దినమున ముప్పదియైదేండ్ల ప్రాయమున తెలుగు ఓనమాలు దిద్దిన ఆ తమిళుని ఒకమారు తలంచుకొందము. నేర్చుకొనుటకు సిగ్గుపడనివాడే పెద్దవాడు.