గుడిలోకి రానివ్వలేదు.. అందుకే గబ్బిలంతో దేవుడికి కబురు పంపాడు! ఇదీ జాషువా కథ

హరిశ్చంద్ర నాటకంలో కాటి సీన్ వస్తే చాలు.. ఊరంతా కదలకుండా కూర్చునేది. ఆ సీన్‌లో నటులు పాడే పద్యాల్లో కొన్ని గుర్రం జాషువా రాసిన 'శ్మశానవాటిక' లోనివి. పద్యానికి వన్స్‌మోర్ కొట్టిన సమాజమే.. ఆ కవిని మాత్రం కులం అడిగి దూరం పెట్టింది.

1895 సెప్టెంబర్ 28న వినుకొండలో జాషువా పుట్టారు. తండ్రి వీరయ్య యాదవ కులస్థుడు, తల్లి లింగమ్మ మాదిగ. పెరిగింది క్రైస్తవ కుటుంబంలో. బడిలోనే అంటరానితనం అంటే ఏంటో తెలిసొచ్చింది. అయినా పట్టుబట్టి సంస్కృతం నేర్చుకున్నారు, పద్యం పట్టేశారు. తీరా చూస్తే రెండు వైపులా ఇబ్బందే. సభల్లో కొందరికి ఆయన కులం నచ్చలేదు. హిందూ పురాణ కథలు రాస్తున్నాడని అటు క్రైస్తవుల్లో కొందరికీ నచ్చలేదు.

పొట్టకూటి కోసం రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ, డైలాగులు చెప్పే పని చేశారు. టీచర్‌గానూ పనిచేశారు. ఏ పని చేసినా రాయడం మాత్రం ఆపలేదు.

1941లో వచ్చిన 'గబ్బిలం' ఓ సంచలనం. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు భార్యకు మేఘంతో ప్రేమ సందేశం పంపుతాడు. జాషువా హీరో అలా కాదు. ఆకలితో ఉన్న ఓ అంటరానివాడు. తన గోడు కాశీ విశ్వనాథుడికి చెప్పమని గబ్బిలాన్ని బతిమాలతాడు. గబ్బిలమే ఎందుకు? గుళ్లో వేలాడే దాన్ని ఎవరూ కులం అడగరు. మనిషికి లేని ఎంట్రీ దానికుంది! తనను కాదన్నవాళ్లు గొప్పగా చెప్పుకునే పద్యంలోనే, వాళ్లను నిలదీశారు జాషువా.

ఆయన కలం ఒక్క మతం దగ్గర ఆగలేదు. సుల్తాన్ మాట తప్పితే కుమిలిపోయిన పారశీక కవి కథను 'ఫిరదౌసి'గా రాశారు. ఏసు జీవితాన్ని 'క్రీస్తు చరిత్ర'గా రాస్తే, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 1970లో పద్మభూషణ్ కూడా అందుకున్నారు.

అన్నింటికంటే పెద్ద సీన్ మాత్రం విజయవాడలో జరిగింది. మహాపండితుడు, బ్రాహ్మణుడు అయిన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి.. స్వయంగా జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. ముట్టుకోకూడదన్న మనిషి పాదాన్ని అలా నిండు సభలో ముట్టుకున్నారు.

1971 జులై 24న జాషువా కన్నుమూశారు. ఆయన కూతురు హేమలతా లవణం తర్వాత నిజామాబాద్ జిల్లాలో జోగిని దురాచారంపై పోరాడారు. తండ్రి పద్యంలో అడిగిన ప్రశ్నను ఆమె ఊళ్లలోకి తీసుకెళ్లారు.

ఈసారి మీ ఫోన్‌లో కాటి సీన్ వీడియో కనిపిస్తే స్క్రోల్ చేసేయకండి. పద్యం వినండి.. అది రాసిందెవరో పక్కవాళ్లకూ చెప్పండి.