ముఖాలు చదివిన ఉపాధ్యాయుడు

పుస్తకం చదవడం నేర్పే బడులు లోకంలో ఎన్నో ఉన్నవి. మనిషి ముఖం చదవడం నేర్పే బడి మాత్రం అరుదు. సంతలో, రైలుపెట్టెలో, కర్మాగారపు గేటు ముందర ప్రతిదినం వందలాది అపరిచితులు మనకు ఎదురవుతారు. వారి కన్నులలో ఏమున్నదో చూడకుండానే మనం దాటిపోతాము. అట్లా దాటిపోలేక నిలిచిపోయిన మనిషి ఒకడు ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలో అమెరికా దేశంలో ఉండినాడు. వృత్తిచేత ఆయన బడిపంతులు. ఇంచుమించు 30 ఏళ్ల వయస్సు వచ్చేవరకు కెమెరా పట్టి ఎరుగడు. కాని ఆయన తీసిన అపరిచితుల ముఖాలు ఒక మహాదేశపు అంతరాత్మను కలవరపెట్టినవి. ఆయన పేరు లూయిస్ విక్స్ హైన్.

హైన్ 1874 సెప్టెంబరు 26వ తేదీన విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆష్‌కాష్ పట్టణంలో జన్మించినాడు. 1892లో తండ్రి ప్రమాదవశాత్తు మరణించినాడు. సంసారభారం మీద పడగా ఆ యువకుడు కుర్చీలు, సోఫాలు తయారుచేసే కర్మాగారంలో కూలికి కుదిరినాడు. దినానికి 13 గంటలు, వారానికి 6 దినాలు పని. వారానికి 4 డాలర్లు కూలి. పొద్దుగూకేసరికి మనిషిలో మిగిలేదేమిటో ఆయనకు పుస్తకాలవల్ల తెలిసినది కాదు, స్వంత ఒంటితో తెలిసినది. తరువాతి కాలంలో పనిచేసే పిల్లల ఎదుట నిలబడినప్పుడు ఆ చూపులలోని అలసట ఆయనకు కొత్తగా తోచకపోవడానికి కారణం ఇదే.

ఆష్‌కాష్‌లో ఉపాధ్యాయశిక్షణ కళాశాల ఒకటి ఉండేది. అందులో ఆచార్యుడైన ఫ్రాంక్ మానీ ఈ యువకుని గుర్తించి చదువువైపు మళ్లించినాడు. హైన్ కొంతకాలం షికాగో విశ్వవిద్యాలయంలో చదివినాడు. 1901లో మానీ న్యూయార్కులోని ఎథికల్ కల్చర్ పాఠశాలకు అధిపతిగా వెళ్లి, హైన్‌ను అక్కడికి పిలిపించి ప్రకృతి పాఠాలు, భూగోళం బోధించే పని అప్పగించినాడు. పాఠశాల జీవితాన్ని చిత్రాలలో భద్రపరచవలెనన్న కోరికతో ఆయన చేతికి ఒక కెమెరా కూడా ఇచ్చినాడు. గురువుల చేతిలో ఇట్టి చిన్న నిర్ణయాలే ఒక్కొక్కప్పుడు శిష్యుల జీవితాలకు దిక్కు చూపుతవి. తరువాత ప్రపంచఖ్యాతి పొందిన ఛాయాగ్రాహకుడు పాల్ స్ట్రాండ్ ఈ పాఠశాలలో హైన్ వద్దనే తొలిపాఠాలు నేర్చుకున్నాడు.

ఆ రోజులలో ఐరోపానుండి ఓడలనిండా బీదజనం అమెరికాకు వలస వస్తుండేవారు. న్యూయార్కు రేవులోని ఎల్లిస్ ద్వీపంలో వారిని పరీక్షించి లోనికి విడిచేవారు. 1907 ఒక్క సంవత్సరంలోనే పదిలక్షలకు పైగా మనుషులు ఆ ద్వీపం మీదుగా వచ్చినారు. అంతకుముందే వచ్చి స్థిరపడినవారికి ఈ కొత్తవారంటే చులకన. మానీకి ఇది బాధ కలిగించినది. 1620లో మేఫ్లవర్ ఓడ దిగిన పూర్వికులను పిల్లలు ఎంత గౌరవంతో తలచుకుంటారో, నిన్న దిగిన ఈ బీదవారిని కూడా అంత గౌరవంతో చూడవలెనని ఆయన ఆశ. అందుకు పాఠ్యపుస్తకం చాలదు, ముఖాలు కావలెను. ఆ ముఖాలు తెచ్చే పని హైన్ భుజాన పడినది.

అది సులభమైన పని కాదు. కెమెరా బరువైన పెట్టె. దానిని మూడుకాళ్ల ఊతమీద నిలబెట్టి, గాజుపలక దూర్చి, పళ్లెంలో మెగ్నీషియం పొడి పోసి వెలిగించవలెను. పెద్ద చప్పుడుతో మెరుపు మెరసి గదినిండా పొగ కమ్ముకొనేది. రెండవ చిత్రానికి వీలుండేది కాదు. చుట్టూ తోసుకొనే గుంపు. ఎవరి భాషా ఎవరికీ తెలియదు. హైన్ సైగలతో నచ్చజెప్పి, నిలబెట్టి, వారి ముఖంలోని బెరుకు కరిగి అసలు మనిషి పైకి తేలే క్షణం కోసం కాచుకొని ఉండి మందు వెలిగించేవాడు. 1905లో తీసిన ఒక చిత్రంలో ఇటలీనుండి వచ్చిన తల్లీ పిల్లలూ పోయిన సామాను వెతుక్కుంటూ కనిపిస్తారు. ఆ చిత్రం చూసినవారికి వలసల లెక్కలు గుర్తుకు రావు. దిక్కుతోచని ఒక కుటుంబం కళ్లముందు నిలుస్తుంది.

ఎదుటివారికి తెలియకుండా దొంగచాటుగా తీసిన చిత్రంలోనే సహజత్వం ఉంటుందని చాలామంది అభిప్రాయం. హైన్ చిత్రాలు ఆ అభిప్రాయాన్ని సవరించుకొమ్మంటవి. ఆయన చిత్రాలలోని మనుషులు తరచుగా సూటిగా మనవంకే చూస్తారు. కెమెరా ఎదుట ఉన్నదని వారికి తెలుసు. అయినా వారి ముఖాలలో నటన లేదు. తమను చూస్తున్నవాడు తమను తక్కువ చేయడన్న నమ్మకం కలిగినప్పుడు మనిషి తన నిజస్వరూపంతోనే నిలబడతాడు. ఆ నమ్మకాన్ని నిమిషంలో కలిగించగలగడమే హైన్ విద్యలోని రహస్యం.

1904లో జాతీయ బాలకార్మిక సంఘం అనే సంస్థ ఏర్పడినది. 1900 నాటి జనాభా లెక్కల ప్రకారం 10 నుండి 15 ఏళ్ల లోపు పిల్లలు సుమారు 17 లక్షల 50 వేలమంది ఆ దేశంలో కూలిపనులు చేస్తుండినారు. సంఘం వద్ద లెక్కలు ఉన్నవి. కాని లెక్కలు చూసి కన్నీరు పెట్టినవాడు లేడు. 1908లో హైన్ ఉపాధ్యాయపదవి వదలి ఆ సంఘానికి పూర్తికాలపు ఛాయాగ్రాహకుడైనాడు. బోధన విడిచిపెట్టినట్లు ఆయన తలచలేదు. తరగతిగదిని లోకమంతటికీ విస్తరించుకొన్నట్లే భావించినాడు.

అప్పటినుండి పదేళ్లపాటు ఆయన రాష్ట్రం తరువాత రాష్ట్రం తిరిగినాడు. యజమానులు ఆయనను రానిచ్చేవారు కారు. అందుచేత ఒకచోట అగ్నిమాపక తనిఖీదారుగా, ఒకచోట బైబిలు అమ్మేవాడుగా, మరొకచోట యంత్రాలను మాత్రమే ఫోటో తీయవచ్చినవాడుగా చెప్పుకొని లోపలికి వెళ్లేవాడు. తన కోటుగుండీలు నేలనుండి ఎంత ఎత్తున ఉన్నవో ముందే కొలిచి పెట్టుకొనేవాడు. పిల్లవాని పక్కన నిలబడి మాట్లాడుతూ ఏ గుండీవరకు వచ్చినాడో చూసి పొడవు తెలుసుకొనేవాడు. జేబులో చేయిపెట్టి, లోపలి కాగితం మీద చూడకుండానే వయస్సు, కూలి, పనివేళలు వ్రాసుకొనేవాడు. గేటు దగ్గర అబద్ధమాడిన ఈ మనిషి చిత్రంలో మాత్రం అబద్ధానికి చోటివ్వలేదు. అబద్ధాలాడేవారు కూడా కెమెరా పట్టగలరని ఆయనకు తెలుసు. ఈ చిత్రాలు కల్పితాలని ఎవరైనా అంటే ఊరు, తేదీ, వయస్సు, పొడవు ఎదుట పెట్టడానికి ఆయన సిద్ధంగా ఉండేవాడు.

1908 నవంబరులో ఉత్తర కరొలైనాలోని లింకన్‌టన్ అనే ఊరి నూలుమిల్లులో ఒక బాలిక కనబడినది. తన వయస్సు 11 ఏళ్లని చెప్పినది. అప్పటికే ఏడాదికి పైగా పనిలో ఉన్నది. కదుళ్ల వరుస పక్కన నిలబడి ఒక్క క్షణం కిటికీలోనుండి బయటికి చూసినది. హైన్ ఆ క్షణాన్నే పట్టుకున్నాడు. చిత్రంలో ఏడుపు లేదు, దెబ్బ లేదు, చినిగిన బట్టల ప్రదర్శన లేదు. ఒక పక్క పొడవునా సాగిన యంత్రం, మరొక పక్క వెలుతురు, నడుమ ఒక పసి ముఖం. ఆ కిటికీ అవతల ఉన్నదంతా ఆ పిల్లకు దక్కని బాల్యమేనని చూసినవారు తామే గ్రహిస్తారు.

మరుసటి నెలలో అదే రాష్ట్రంలోని విట్‌నెల్ మిల్లులో చూసిన మరొక బాలిక పొడవు 51 అంగుళాలు. దినకూలి 48 సెంట్లు. కొన్నాళ్లు రాత్రిపూట కూడా పనిచేసినది. వయస్సెంత అని అడిగితే మొదట తడుముకొని గుర్తులేదన్నది. తరువాత మెల్లగా, పని చేయదగిన వయస్సు తనకు ఇంకా రాలేదని ఒప్పుకొన్నది. 1911 జనవరిలో పెన్సిల్వేనియాలోని పిట్‌స్టన్ బొగ్గుగని వద్ద, జారే బొగ్గులోనుండి రాళ్లు ఏరే బాలురను చిత్రించినాడు. అక్కడి దుమ్ము చూపును కూడా కప్పివేసేటంత దట్టమైనది. అదే సంవత్సరం మిసిసిపీ తీరంలోని బిలాక్సీలో రొయ్యలు ఒలిచే అయిదేళ్ల పసివాళ్లను చూసినాడు. ఇట్లా ఆ సంఘానికి సంబంధించి అయిదువేలకు పైగా చిత్రాలు పోగైనవి. ఆయన కెమెరాను పిల్లల కళ్లకు సమానమైన ఎత్తులో నిలిపేవాడు. అందుచేత మనం ఆ పిల్లలను పైనుండి జాలితో చూడము. వారే మనలను ఎదురుగా నిలబడి ప్రశ్నిస్తారు.

ఆ చిత్రాలు కరపత్రాలలో, పత్రికలలో, ప్రదర్శనలలో దేశమంతటా తిరిగినవి. 1912లో ప్రభుత్వం పిల్లల క్షేమం కొరకు ప్రత్యేకశాఖ నెలకొల్పినది. 1916లో కీటింగ్-ఓవెన్ చట్టం వచ్చినది. 14 ఏళ్లలోపు పిల్లలచేత పని చేయించిన కర్మాగారాల సరకు రాష్ట్రం దాటి పోరాదని అది శాసించినది. కాని 1918లో సుప్రీంకోర్టు ఒక్క ఓటు ఆధిక్యంతో, 5-4 తీర్పుతో, ఆ చట్టాన్ని కొట్టివేసినది. పదేళ్ల శ్రమ గోడకు కొట్టిన బంతివలె వెనుకకు వచ్చినది.

ఆ సంవత్సరమే హైన్ రెడ్‌క్రాస్ తరఫున ఐరోపాకు వెళ్లి, యుద్ధం వల్ల ఇల్లూవాకిలీ కోల్పోయినవారిని చిత్రించినాడు. తిరిగివచ్చిన పిదప ఆయన చూపు మరొక వైపు మళ్లినది. దుర్భరమైన శ్రమను చూపినవాడు శ్రమలోని ఘనతను కూడా చూపవలెనని సంకల్పించినాడు. 1930లో ఎంపైర్ స్టేట్ భవన నిర్మాణాన్ని చిత్రించే అవకాశం వచ్చినది. అప్పటికి ఆయనకు 56వ ఏడు. 102 అంతస్తుల ఆ సౌధం పైకి లేస్తుండగా కూలీలతోపాటు ఇనుపదూలాలమీద నడచి, ఆకాశంలో వేలాడే మనుషుల ధైర్యాన్ని చిత్రాలలో నిలిపినాడు. వాటిలో కొన్నింటితో 1932లో పిల్లల కొరకు ఒక పుస్తకం ప్రచురించినాడు. బడిపంతులు బడిని మరువలేదు.

తరువాతి కథ విషాదం. ఆర్థికమాంద్యం నాడు గ్రామీణ జీవితాన్ని చిత్రింపజేసే ప్రభుత్వశాఖలో చోటు కోసం పలుమార్లు వ్రాసుకున్నాడు, దొరకలేదు. 1939లో కొందరు అభిమానులు ఆయన చిత్రాల ప్రదర్శన జరిపించినారు. గౌరవం దక్కినది గాని గడవడానికి పని దక్కలేదు. తాకట్టులో ఉన్న ఇల్లు చేజారినది. ఆ ఏడాది క్రిస్మస్ నాడు భార్య సారా కన్నుమూసినది. 1940 నవంబరు 3వ తేదీన, 66వ ఏట, పేదరికంలోనే హైన్ మరణించినాడు.

1938లో అమెరికా ప్రభుత్వం మరొక చట్టం చేసి ఉండినది. కర్మాగారాలలో పనికి కనీస వయస్సు సాధారణంగా 16 ఏళ్లనీ, ప్రమాదకరమైన పనులలో 18 ఏళ్లనీ అది నిర్ణయించినది. ఆ చట్టం కూడా కోర్టు కెక్కినది. 1941 ఫిబ్రవరి 3వ తేదీన సుప్రీంకోర్టు దానిని సమర్థించి 1918 నాటి తీర్పును త్రోసిపుచ్చినది. హైన్ మరణించి ఆనాటికి సరిగా మూడు నెలలు. ఈ విజయం ఆయన ఒక్కనిదే అనడం అతిశయోక్తి. కార్మిక సంఘాలు, సంస్కర్తలు, పెద్దలకే పని కరవైన మాంద్యపు రోజులు, అన్నీ కలిసి దానిని తెచ్చినవి. కాని దేశం తన పిల్లలను కన్నెత్తి చూసేటట్లు చేసినవాడు మాత్రం ఆయనే.

హైన్ చిత్రాలు నేడు వాషింగ్టన్‌లోని కాంగ్రెస్ గ్రంథాలయంలోనూ, రాచెస్టరు నగరంలోని ఈస్ట్‌మన్ ప్రదర్శనశాలలోనూ భద్రంగా ఉన్నవి. ఇటీవలి దశాబ్దాలలో పరిశోధకులు ఆ చిత్రాల వెంట ఆయన వ్రాసిపెట్టిన ఊళ్లూ పేర్లూ పట్టుకొని ఆనాటి పిల్లల సంతతివారిని వెతికినారు. వారిలో చాలామంది ఆ చిత్రాన్ని అంతకుముందు ఎన్నడూ చూసి ఉండలేదు. తాతో, అమ్మమ్మో పసివయస్సులో ఎట్లా ఉండేవారో వారికి మొదటిసారి తెలిసినది. దారినపోయే ఒక పంతులు జేబులో చేయిపెట్టి చూడకుండా వ్రాసిన రెండు ముక్కలే, అపరిచితుల ముఖాలను నూరేళ్ల తరువాత తమవారి ఇండ్లకు చేర్చినవి.