ఓడ బరువుకు హద్దు గీయించిన ప్లిమ్సాల్

సరుకు ఓడల పక్కభాగాన కనిపించే వృత్తానికి, దాని మధ్యగా సాగే అడ్డగీతకు ప్లిమ్సాల్ గుర్తు అని పేరు. ఆ గీత నీట మునిగేంత బరువు ఎక్కించరాదన్నది అంతర్జాతీయ నియమం. ఇందుకోసం బ్రిటిష్ పార్లమెంటులో పోరాడిన శామ్యూల్ ప్లిమ్సాల్ 1824 ఫిబ్రవరి 10న బ్రిస్టల్‌లో జన్మించారు.

లండన్‌లో బొగ్గు వ్యాపారం ప్రారంభించి దివాలా తీసిన ఆయన, కొంతకాలం నిరుపేదల మధ్య జీవించారు. తరువాత వ్యాపారంలో నిలదొక్కుకుని 1868లో డెర్బీ నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యారు. శిథిలమైన ఓడలకు భారీగా బీమా చేయించి, మోయలేనంత సరుకు నింపి పంపే యజమానులు ఆనాడు ఉండేవారు. ఓడ మునిగినా వారికి నష్టం లేదు. ఒప్పందం చేసుకున్నాక ఓడ ఎక్కడానికి నిరాకరించిన నావికులకు మాత్రం జైలు తప్పేది కాదు.

ఓడ తన బరువుకు సమానమైన నీటిని తొలగించి తేలుతుంది. బరువు పెరిగేకొద్దీ నీటిపైనుండే భాగం తగ్గుతుంది. అప్పుడు కొద్దిగా ఒరిగినా డెక్కు అంచు మునిగి, తిరిగి నిటారుగా నిలిచే శక్తి సన్నగిల్లుతుంది. బరువుకు హద్దు ఉండాలన్న ఆలోచన ప్లిమ్సాల్ సొంతం కాదు. న్యూకాజిల్ ఓడల యజమాని జేమ్స్ హాల్ అంతకుముందే దానిని ప్రతిపాదించారు. ప్లిమ్సాల్ 1873లో వెలువరించిన 'అవర్ సీమెన్' గ్రంథం దానిని ప్రజా సమస్యగా మార్చింది.

1875 జూలై 22న ప్రధాని డిజ్రేలీ నౌకా రవాణా బిల్లును పక్కన పెట్టగా, ప్లిమ్సాల్ సభలోనే ఆగ్రహోదగ్రులై సభ్యులను దూషించారు. అనంతరం క్షమాపణ చెప్పారు. అయితే ప్రజాభిప్రాయం ఆయన వైపే నిలవడంతో ప్రభుత్వం దిగివచ్చి కొద్ది వారాల్లోనే తాత్కాలిక చట్టం తెచ్చింది. 1876 చట్టం గీతను తప్పనిసరి చేసినా, అది ఎక్కడుండాలో నిర్ణయించే అధికారాన్ని యజమానులకే వదిలింది. 1890 చట్టంతో ఆ లోపం తొలగింది.

మంచినీటికి, శీతాకాలానికి, వేసవికి వేర్వేరు గీతలు ఏర్పడ్డాయి. వాటిలో 'ఇండియన్ సమ్మర్' పేరిట ఒకటి ఉండేది. హిందూ మహాసముద్రం ప్రశాంతంగా ఉండే రుతువులో కొంత అధిక బరువును అది అనుమతించేది. 1898 జూన్ 3న ఫోక్‌స్టోన్‌లో ప్లిమ్సాల్ మరణించారు. 1930లో గీతలపై అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. 1966లో మరో ఒప్పందం దాని స్థానంలోకి వచ్చింది.

నదుల్లో తిరిగే లాంచీలకు ఈ ఒప్పందం వర్తించదు. జనం పైఅంతస్తుల్లో కిక్కిరిస్తే గురుత్వ కేంద్రం పైకి జరిగి ఓడ బోల్తాపడే ముప్పు కూడా ఉంది. 2014 ఆగస్టు 4న బంగ్లాదేశ్‌లోని పద్మా నదిలో, రంజాన్ పండుగ ముగించుకుని తిరిగివస్తున్న వారితో పరిమితికి మించి నిండిన పినాక్-6 లాంచీ మునిగి పలువురు మరణించారు.