ఎముకలు కాలిపోయినా కాగితాలు మిగిల్చిన స్ట్రోమర్

స్పైనోసారస్ అనే రాక్షసబల్లి పేరు సినిమాల పుణ్యమా అని మన ఇళ్లలో పిల్లలందరికీ తెలుసు. దానికి ఆ పేరు పెట్టిన ఎర్నెస్ట్ స్ట్రోమర్ గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఆయన 1871లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో పేరున్న కుటుంబంలో పుట్టారు. 1910 చివర ఈజిప్టు వెళ్లింది తొలికాలపు పాలిచ్చే జంతువుల ఎముకల కోసం. బహరియా ఒయాసిస్సులో ఆయనకు దొరికినవి రాక్షసబల్లివి! ఆయన తిరిగొచ్చేశాక, ఎముకలు సేకరించే రిచర్డ్ మార్క్‌గ్రాఫ్ 1912లో అక్కడే ఒక వింత మాంసాహారి అవశేషాలు తవ్వితీశారు. కింది దవడ భాగాలు, కొన్ని పళ్లు, పక్కటెముకలు, వెన్నుపూసలు, దాదాపు అంతే. కానీ ఆ వెన్నుపూసల మీది ముళ్లలో ఒకటి 1.65 మీటర్ల పొడవు, అంటే మనిషెత్తు. స్ట్రోమర్ ప్రతి ఎముకనూ కొలిచి, వివరంగా బొమ్మలు వేయించి, 1915లో ప్రచురించారు.

తర్వాత యుద్ధం వల్ల మిగతా పెట్టెలు ఈజిప్టులోనే ఆగిపోయాయి. 1916లో మార్క్‌గ్రాఫ్ పోయారు. 1922లో పెట్టెలు మ్యూనిక్ చేరేసరికి చాలా ఎముకలు ముక్కలైపోయాయి. వాటిని అతికించుకుంటూ ఆయన ఏళ్లు గడిపారు.

స్ట్రోమర్ నాజీలకు తల వంచలేదు. రెండో యుద్ధంలో, ఎముకలను ఊరి బయట భద్రమైన చోటికి తరలించమని ఎంత మొరపెట్టుకున్నా, నాజీ పక్షపాతి అయిన మ్యూజియం అధికారి ఒప్పుకోలేదు. 1944 ఏప్రిల్ 24 రాత్రి బ్రిటిష్ విమానాలు బాంబులు వేశాయి. స్పైనోసారస్ బూడిదైంది. ఆ యుద్ధంలోనే ఇద్దరు కొడుకులు పోయారు. రష్యాలో బందీ అయిన మూడో కొడుకు 1950లో గానీ ఇల్లు చేరలేదు. ఇంకో రెండేళ్లకు, 1952లో, స్ట్రోమర్ కన్నుమూశారు.

మేము ఉద్యోగమంతా ఫైళ్లు కట్టలు కట్టినవాళ్లం, సంఘం పాత తీర్మానాల పుస్తకాలు చెదలపాలైతే చూసినవాళ్లం. అందుకే ఆయన జీవితంలో మాకు అన్నిటికన్నా నచ్చింది ఆ 1915 నాటి కాగితాలే. అసలు పోయినా నకలు మిగిలింది. 1995లో ఆయన కొడుకు తండ్రి కాగితాలను మ్యూనిక్ మ్యూజియానికి ఇచ్చారు. వాటిలో ఆ ఎముకల ఫొటోలు బయటపడ్డాయి. మొరాకోలో దొరికిన కొత్త ఎముకలతో 2014లో స్పైనోసారస్ రూపాన్ని కంప్యూటర్‌లో మళ్లీ కట్టినప్పుడు, లేని భాగాలు పూరించడానికి శాస్త్రవేత్తలు స్ట్రోమర్ బొమ్మలనూ ముందు పెట్టుకున్నారు.