సర్ జాన్ చార్న్‌లీ

మనుష్యుని తొడయెముక పైకొన గుండ్రని బంతివలె నుండును. కటియెముకలో ఆ బంతికి తగిన గిన్నె యొకటి కలదు. బంతి గిన్నెలో తిరుగుటచేతనే మనము నడచుచున్నాము, కూర్చుండుచున్నాము, మెట్లెక్కుచున్నాము. ఈ రెండింటిమీదను మృదులాస్థి యను నున్నని పొర కప్పియుండును. వార్ధక్యముచేతగాని, కీళ్ళవాతముచేతగాని ఆ పొర అరిగిపోయినచో ఎముక ఎముకను రాయ మొదలిడును. అప్పుడు ప్రతి అడుగును ఒక శిక్షయే. రాత్రి పక్కమీద ఒత్తిగిలుటయు కష్టమగును.

ఇరువదవ శతాబ్ది నడిమివరకు ఇట్టి రోగులకు వైద్యులు చేయగలిగిన సాయము స్వల్పము. కొందరికి తుంటికీలును కదలకుండ బిగించివేసెడివారు. నొప్పి తగ్గెడిది, కాని ఆ కాలు తుంటికడ వంగుట జీవితాంతము మానివేసెడిది. తక్కినవారు కుర్చీకో మంచమునకో అంకితులై దినములు గడపిరి. ఈ దుస్థితిని మార్చిన శస్త్రవైద్యులలో అగ్రగణ్యుడు ఆంగ్లేయుడగు జాన్ చార్న్‌లీ.

ఆయన 1911 వ సంవత్సరము ఆగస్టు 29 వ తేదీన లాంకషైరు మండలములోని బరీ పట్టణమున జన్మించెను. ఆ ప్రాంతమంతయు నూలుమిల్లులకు, మగ్గములకు పేరుపడినది. ఆ మగ్గములకును ఆయన జీవితకృషికిని ఒక చిత్రమైన సంబంధము ఏర్పడవలసియున్నదని అప్పుడెవ్వరికిని తెలియదు. తండ్రి ఆ యూర మందుల దుకాణము నడుపుచుండెను. తల్లి నర్సుగా శిక్షణ పొందిన స్త్రీ. బరీలోని పాఠశాలలో చదువు ముగించి, చార్న్‌లీ 1929 లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమున వైద్యవిద్యకు చేరెను. 1935 లో పట్టము పుచ్చుకొని, మరుసటి యేడే, 25 ఏండ్ల ప్రాయమున, శస్త్రవైద్యులకు ఉన్నతమైన ఎఫ్. ఆర్. సి. ఎస్. పరీక్షలో కృతార్థుడయ్యెను.

అంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. 1940 లో ఆయన సైనిక వైద్యశాఖలో చేరి, డన్‌కర్కు తీరమునుండి ఆంగ్లసేనలను ఓడలపై తరలించిన ఆ భయంకర దినములను చూచెను. పిమ్మట ఆయనను ఈజిప్టు దేశమునకు పంపిరి. అక్కడ గాయపడిన సైనికుల కాళ్ళకు, చేతులకు కట్లు కట్టుటతో ఆయన తృప్తిపడలేదు. సైన్యపు కార్ఖానాలలోని పనివాండ్రతో కలసి క్రొత్త ఊతకడ్డీలు, శస్త్రపరికరములు చేయించెను. చేతిపనియందు ఆయనకు గల ప్రీతి అక్కడ బలపడెను. తరువాతి కాలమున ఇంటిలోనే లేతు యంత్రము నిలుపుకొని, తీరికవేళ దానిముందే గడపుచుండెడివాడు. ఎముకల వైద్యము ఒక విధముగా వడ్రంగము కూడ. రంపము, ఉలి, సుత్తి పట్టలేని చేయి ఆ పనికి చాలదు.

యుద్ధానంతరము ఎముకలు అతుకుకొను విధమును తెలిసికొనవలెనని ఆయనకు తీవ్రమైన ఆసక్తి కలిగెను. ఇతరులపై ప్రయోగము చేయుటకు మనసొప్పలేదు. సహవైద్యుని ఒకనిని ఒప్పించి, తన కాలియెముకనుండియే ముక్క తీయించి పరీక్షకు పెట్టించుకొనెను. ఆ గాయము చీము పట్టి, ఆయన రోగియై మరల శస్త్రచికిత్స చేయించుకొనవలసివచ్చెను. సాహసమనవలెనో దుస్సాహసమనవలెనో చెప్పుట కష్టము. ఎముకలో చీముచేరుట ఎంత బాధాకరమో ఆయనకు స్వానుభవమున తెలిసినమాట మాత్రము నిజము.

1947 లో మాంచెస్టరు రాయల్ ఇన్‌ఫర్మరీ యను వైద్యశాలలో ఆయనకు శస్త్రవైద్యుని పదవి లభించెను. విరిగిన యెముకలను కోయకయే చక్కజేయు పద్ధతులపై 1950 లో ఆయన ప్రకటించిన గ్రంథము చాలకాలము వైద్యవిద్యార్థులకు మార్గదర్శకమయ్యెను. ఆయన పేరు అంతటితోనే నిలిచెడిదే. కాని ఒక రోగి తుంటినుండి వెలువడిన కిఱ్ఱుమను చప్పుడు ఆయనను వేరొక దారికి మళ్ళించెను.

ఫ్రాన్సు దేశమున జ్యూడే సోదరులను వైద్యులు అరిగిన బంతిని తీసివేసి, దానికి బదులుగా అక్రిలిక్ అను ప్లాస్టిక్కు బంతిని అమర్చు పద్ధతిని 1946 లో ప్రారంభించియుండిరి. అట్టి బంతి అమర్చబడిన యొకనికి కదలినప్పుడెల్ల తుంటి కిఱ్ఱుమని మ్రోగుచుండెను. భోజనపు బల్లకడ అతడు ముందుకు వంగినను ఆ చప్పుడే. భార్య భరింపలేక ఆ గదినే విడిచి పోవుచుండెనట. విన్నవారు నవ్వుకొని ఊరకుండెడివారు. చార్న్‌లీ మాత్రము, చప్పుడున్నచోట రాపిడి యుండవలెననియు, రాపిడియే ఆ బంతిని వదులుచేసి పెకలించుచున్నదనియు గ్రహించెను.

ప్రకృతి యిచ్చిన కీలులో రాపిడి ఎంత? ఆయన కొలిచి చూచెను. అది మంచుగడ్డపై జారు ఇనుపపాదుక రాపిడికన్నను తక్కువయని తేలెను. ఆ నున్నదనము ముఖ్యముగా మృదులాస్థి స్వభావమువలన వచ్చినదేకాని, కీలులోని ద్రవము ఒక్కటే కారణము కాదని ఆయన నిశ్చయించెను. కావున కృత్రిమకీలు చేయదలచినచో స్వయముగా జారెడి పదార్థము కావలెను. రసాయన పరిశ్రమలలో వాడుకలోనున్న టెఫ్లాను ఆయనకు తగినదని తోచెను.

మాంచెస్టరునకు కొంతదూరమున రైటింగ్టను అను చోట క్షయరోగుల వైద్యశాల యొకటి యుండెను. క్రొత్త మందులు వచ్చి క్షయ తగ్గుముఖము పట్టుటచే అక్కడి మంచములు ఖాళీ కాజొచ్చెను. చార్న్‌లీ అక్కడనే తుంటికీళ్ళకు ప్రత్యేకమైన కేంద్రమును, దాని ప్రక్కనే యొక చిన్న ప్రయోగశాలను నెలకొల్పెను. తుదకు 1962 లో నగరములోని పెద్ద పదవిని వదలుకొని పల్లెపట్టున నున్న ఆ వైద్యశాలకే అంకితుడయ్యెను.

ఆయన కూర్చిన కీలులో మూడు విశేషములు కలవు. మొదటిది, లోహపు బంతి చిన్నదిగా నుండుట. సన్నని ఇరుసుపై చక్రము సులభముగా తిరుగునట్లు, చిన్న బంతి తిరుగునప్పుడు గిన్నెను మెలిత్రిప్పు బలము తగ్గును. అందుచే ఆయన బంతి అడ్డుకొలతను క్రమముగా తగ్గించి 22 మిల్లీమీటర్ల చిల్లరకు తెచ్చెను. రెండవది, నున్నని ప్లాస్టిక్కు గిన్నె. మూడవది, ఈ రెండింటిని ఎముకలో నిలుపు పదార్థము. దంతవైద్యులు కట్టుడుపండ్లకు వాడు అక్రిలిక్ పదార్థమును, మాంచెస్టరు దంతవైద్య కళాశాలలోని డెనిస్ స్మిత్ సాయమున, ఆయన దీనికి ఎన్నుకొనెను. ఇది జిగురువలె అంటించునది కాదు. తాపీపనివాడు రాళ్ళ సందులలో నింపు సున్నమువలె సందునెల్ల నింపి, గట్టిపడి, భారమును ఎముక యంతటను సమముగా పంచును.

టెఫ్లాను గిన్నెలతో చేసిన శస్త్రచికిత్సల ఫలితములు మొదట ఆశ్చర్యకరములుగా నుండెను. ఏండ్లతరబడి నిద్రలేనివారు సుఖముగా నిద్రించిరి, ఊతకర్రలు మూలబడినవి. 1961 లో చార్న్‌లీ ఈ విషయమును లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రకటించెను. రోగులు గుంపులుగా రాసాగిరి.

రెండు మూడేండ్లు గడచినవో లేదో, అదే రోగులు మరల నొప్పియని తిరిగివచ్చిరి. ఛాయాచిత్రములు తీసి చూడగా లోహపు బంతి టెఫ్లాను గిన్నెను తొలుచుకొని లోనికి దిగుచుండెను. అరిగిన పొడి చుట్టునున్న కండరములలో చేరి ముద్దలు కట్టి, ఎముకను తినివేయుచుండెను. అప్పటికి సుమారు 300 మందికి ఆ గిన్నెలు అమర్చబడియుండెను. ఒక్కొక్కరి గిన్నెయు ఒకనాటికి చెడక తప్పదు. ఆయన రాత్రులు నిద్రలేక, తల చేతులలో నుంచుకొని కూర్చుండెడివాడని ఇంటివారు ఎరుగుదురు. వైఫల్యమును దాచుటకు ఆయన యత్నింపలేదు. చెడిన గిన్నెలను తీయు కష్టమైన పనిని ఇతరులకు వదలక తానే చేయుచు వచ్చెను. తన చేతితో పెట్టినదానిని తన చేతితోనే తీయుట ఆయనకు ఎట్టి శిక్షయో ఊహింపవచ్చును.

ఈ చీకటిదినములలో 1962 మే నెలయందు ప్లాస్టిక్కు సరకు అమ్మువాడొకడు రైటింగ్టనునకు వచ్చెను. అతడు తెచ్చినది లాంకషైరు మగ్గములలోని పండ్లచక్రములకు వాడు క్రొత్త పదార్థము. పాలిఎథిలీనులో గట్టిదగు ఒక రకము. ప్రయోగశాలలోని పనివాడు హారీ క్రేవెన్ దాని ముక్కను తీసికొని చార్న్‌లీకి చూపెను. చార్న్‌లీ దానిని బొటనవ్రేలి గోటితో నొక్కి చూచి, పనికిరాదని వెడలిపోయెను. ఆయన పరదేశమునకు ఒక సభకై పోయియున్న వేళ, క్రేవెన్ దానిని అరుగుదల పరీక్షించు యంత్రమున ఎక్కించెను. యంత్రము రాత్రింబవళ్ళు తిరిగెను. టెఫ్లాను ఒక్కదినమున అరిగినంత కూడ ఈ పదార్థము మూడు వారములలో అరుగలేదు! తిరిగివచ్చిన చార్న్‌లీ యంత్రమును, కొలతలను చూచి తన తీర్పును మార్చుకొనెను. గొప్ప వైద్యుడు కొట్టివేసినదానిని పట్టుదలతో పరీక్షించిన పనివాని పేరును మరచుట తగదు.

అయినను ఆయన ఇప్పుడు వెనుకటివలె తొందరపడదలచుకొనలేదు. రెండు పదార్థముల పొడిని తన తొడలోనికే ఎక్కించుకొనెను. కొన్ని నెలలకు టెఫ్లాను పొడి చేరిన చోట గడ్డలు చేతికి తగిలెను. పాలిఎథిలీను చేరినచోట అట్టి వికారము కానరాలేదు. ఈ పరీక్ష వివరములను 1963 లో ఆయన ప్రకటించెను. 1962 నవంబరులో మొదలుపెట్టి రోగులకు క్రొత్త గిన్నెలనే అమర్చుచుండెను.

ఇంకొక శత్రువు మిగిలియుండెను. శస్త్రచికిత్స ఎంత చక్కగ జరిగినను, ప్రారంభకాలమున నూటికి ఏడెనిమిది మందికి కీలులో చీము పట్టుచుండెను. అట్లయినచో కీలును తీసివేయవలసినదే. గాలిలో తేలు సూక్ష్మజీవులే దీనికి ముఖ్యకారణమని చార్న్‌లీ తలచెను. శస్త్రశాలలో రోగిచుట్టు ఒక గాజుగదివంటి దానిని కట్టించి, వడపోసిన గాలిని పైనుండి ఎడతెగక క్రిందికి పంపించెను. వైద్యుల శ్వాస కూడ రోగిపై పడకుండ, తలనుండి క్రిందివరకు మూయు దుస్తులను చేయించి, విడిచిన గాలిని గొట్టములద్వారా వెలికి లాగించెను. చంద్రలోకయాత్రికులవలె నున్న ఆ వేషమును చూచి కొందరు పరిహసించిరి. లెక్కలు మాత్రము పరిహసింపలేదు. పదేండ్లలో చీముపట్టువారు నూటికి ఒకరికన్న తక్కువైరి. 1982 లో ప్రకటింపబడిన ఒక పెద్ద పరిశీలనలో ఎనిమిదివేలకు పైబడిన శస్త్రచికిత్సలను లెక్కించి చూడగా, శుద్ధమైన గాలివలన ఈ ఉపద్రవము రమారమి సగము తగ్గునని స్థిరపడెను. సూక్ష్మజీవులను చంపు మందులును మిక్కిలి ఉపకరించునని ఆ పరిశీలనయే చూపెను. చార్న్‌లీ మాత్రము ఆ మందులపై మొదట ఎక్కువ ఆధారపడలేదు.

కీలు విజయవంతమైనను దానిని అందరికిని అమ్మనిచ్చుటకు ఆయన వెంటనే ఒప్పుకొనలేదు. కొన్నియేండ్లు వేచి ఫలితములను చూచెను. పిమ్మటగూడ, రైటింగ్టనునకు వచ్చి పనిని కన్నులార చూచి నేర్చుకొన్న వైద్యులకే కీళ్ళు ఇప్పించుచు వచ్చెను. ఇది అహంకారమని గొణిగినవారును లేకపోలేదు. ఆయన ముక్కుసూటి మనిషి, ఓర్పు తక్కువ. టెఫ్లాను నేర్పిన పాఠమును ఎరిగినవారికి మాత్రము ఆ పట్టుదల అర్థము కాగలదు. మరణానంతరము తమ కీలును పరీక్షకు ఇయ్యవలసినదిగా ఆయన తన రోగులను కోరెను. పలువురు సంతోషముతో సమ్మతించిరి. నడచిన యేండ్లలో గిన్నె ఎంత అరిగెనో అట్లు కొలువ వీలయ్యెను.

ఈ కృషి అంతయు ఆయన ఒక్కనిదే కాదు. అదేకాలమున నార్విచ్ నగరమున మెక్కీ యను వైద్యుడు లోహపు గిన్నెలో లోహపు బంతిని అమర్చుచుండెను. పాలిఎథిలీను కూడ నిర్దోషము కాదు. దీర్ఘకాలమున దాని పొడియు ఎముకను కొంత క్షీణింపజేయునని తరువాతివారు కనుగొని, ఇంకను గట్టి రకములను తయారుచేసిరి. అయినను చార్న్‌లీ కీలు నిలిచిన కాలము చూడదగినది. అమెరికాలోని మేయో వైద్యశాలలో అమర్చిన రెండువేల చార్న్‌లీ కీళ్ళను పరిశీలింపగా, 25 ఏండ్ల పిమ్మట ఐదింట నాలుగు మరల మార్చనక్కరలేక యుండెను. లోహపు బంతిని ప్లాస్టిక్కు గిన్నెలో నిలుపు ఆయన సూత్రమును మోకాటి కీళ్ళు చేయువారును అనుసరించిరి. నేడు మన హైదరాబాదు, విశాఖపట్టణము వంటి నగరముల వైద్యశాలలలో గూడ ఈ శస్త్రచికిత్సలు జరుగుచున్నవి.

గౌరవములు ఆయనను ఆలస్యముగా వరించెను. 1974 లో అమెరికావారి లాస్కరు బహుమానము, 1975 లో రాయల్ సొసైటీ సభ్యత్వము, 1977 లో సర్ బిరుదము లభించెను. ఉద్యోగవిరమణానంతరమును ఆయన శస్త్రచికిత్సలు మానలేదు. 1979 లో తుంటికీలుపై తన అనుభవమునంతయు ఒక గ్రంథముగా వెలువరించెను. 1982 ఆగస్టు 5 వ తేదీన, 71 వ జన్మదినమునకు కొలది వారములముందు, మాంచెస్టరులో కన్నుమూసెను. ఆయన పోయిన పిమ్మటను రైటింగ్టనులో ఆయన శిష్యులు ఆ పాతరోగులను ఏటేట పిలిపించి, ఛాయాచిత్రములు తీసి, గిన్నెల అరుగుదలను కొలిచి వ్రాసికొనుచుండిరి.